బడికి నర్సమ్మ ఎక్కడి నుంచి రావాలి?

(సంఘం వార్షిక సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం ‘బడి పిల్లల ఆరోగ్యం’. ఇది చాలా పెద్ద విషయం. పళ్లు తోముకోవడం మొదలుకొని పౌష్టికాహారం దాకా దీని మీద గంటసేపు ఉపన్యసించవచ్చు. మీరూ ఓపిగ్గా విని, ఆ తరువాత భోజనాలకు లేవవచ్చు. అందుకని అందులో నుంచి ఒక్క ముక్క మాత్రం తీసుకొంటున్నాము. బడి వేళల్లో పిల్లవాడికి ఒంట్లో బాగుండకపోతే చూసే మనిషి ఎవరు? ఆ మనిషి లేకపోతే ఎలా తెచ్చుకోవాలి? ఈ రెండు ప్రశ్నలే ఈనాటి మా ప్రసంగం.

మన పిల్లలు చదివే బడులు మీకు తెలిసినవే. మొహల్లాలోని చిన్న ప్రైవేటు బడులు, జిల్లా పరిషత్తు బడులు, ఉర్దూ మీడియం బడులు, దూరాన ఉన్న గురుకులాలు. గురుకులాలను పక్కన పెడితే తక్కిన బడుల్లో నర్సు అనే మాటే వినపడదు. పిల్లకు కడుపునొప్పి వస్తే టీచరమ్మ బెంచీ మీద పడుకోబెడుతుంది. జ్వరం వస్తే ఇంటికి ఫోను చేస్తారు. దెబ్బ తగిలితే ఫస్టెయిడ్ పెట్టె కోసం వెతుకుతారు. ఆ పెట్టె బీరువాలో ఉంటుంది, బీరువా తాళం హెడ్మాస్టరుగారి జేబులో ఉంటుంది, హెడ్మాస్టరుగారు మండలంలో మీటింగులో ఉంటారు. నవ్వకండి. తాళం దొరికినా పెట్టెలో ఉండేది ఎండిపోయిన టించరు సీసా, ఏనాటిదో తెలియని దూది ఉండ. ఇది ఏ ఒక్క బడినో ఉద్దేశించి చెబుతున్న మాట కాదు. ఎవరి బడి సంగతి వారికి తెలుసు.

బడికి నర్సు కావాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1892లో లండన్ నగరంలో ఆమీ హ్యూస్ అనే నర్సు డ్రూరీ లేన్ ప్రాంతపు పేదపిల్లల బడికి వెళ్లి చూడటంతో ఇది మొదలైందని చెబుతారు. మన దేశంలో 1909లోనే బరోడా సంస్థానంలో బడిపిల్లలకు వైద్యపరీక్షలు మొదలుపెట్టారు. అయితే మాకు ఎక్కువ పనికివచ్చే కథ న్యూయార్కుది. 1902కి ముందు అక్కడి బడులకు డాక్టర్లు వచ్చి పిల్లలను చూసేవారు. తలలో పేలు, తామర, కళ్లకలక కనిపిస్తే ఇంటికి పొమ్మనేవారు. పంపడం వరకే వారి పని. ఇంటి దగ్గర మందు వేసేవారెవరు? తల్లికి ఇంగ్లీషు రాదు, తండ్రి ఫ్యాక్టరీలో ఉంటాడు. పంపిన పిల్ల వారాల తరబడి తిరిగి రాదు. బడులు ఖాళీ అయిపోసాగాయి.

అప్పుడు లిలియన్ వాల్డ్ అనే ఆమె, పేదవాడల్లో ఇళ్లకు వెళ్లి నర్సింగు చేసే సంస్థ నడుపుతున్నావిడ, నగరంవారితో ఒక ఒప్పందం చేసుకొంది. ఒక నెల మా నర్సును తీసుకోండి, ఫలితం చూసి మాట్లాడుకొందాం అంది. 1902 అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు పనిలో చేరింది. ఇక్కడ ఒక్క సంగతి గమనించాలని మనవి: ఆమెకిచ్చింది ఒక బడి కాదు, నాలుగు బడులు. రోజూ నాలుగింటికీ తిరిగేది. అక్కడికక్కడే పుండు కడిగి మందు రాసి పిల్లను తరగతికి పంపేది, సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు ఎలా చేయాలో చూపించేది. నెల తిరిగేసరికి నగరంవారు మరికొందరు నర్సులను వేసుకొన్నారు. 1902 సెప్టెంబరులో ఇటువంటి జబ్బుల కారణంగా బడి నుంచి పంపివేయబడిన పిల్లలు 10,567 మంది కాగా, 1903 సెప్టెంబరులో 1,101 మంది. పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయింది!

కాబట్టి బడి నర్సు అనే ఉద్యోగం పుట్టినప్పుడే పంచుకొన్న ఉద్యోగంగా పుట్టింది. ‘ప్రతి బడికి ఒక నర్సును వేసే స్తోమత మనకెక్కడిది’ అని చేతులు ముడుచుకొని కూర్చునేవారికి ఇది జవాబు.

అయితే ఈ కథలో సగమే ఉంది. మిగతా సగం అదే అమెరికాలో 2013లో ఫిలడెల్ఫియా నగరంలో జరిగింది. అప్పటికి డబ్బు కొరత వచ్చి ఆ నగరపు బడుల్లో నర్సులను తగ్గించారు. కొన్ని బడులకు వారంలో ఒకటి రెండు రోజులే నర్సు. పన్నెండేళ్ల పాపకు బడి వేళల్లో ఉబ్బసం వచ్చింది. ఆ రోజు ఆ బడికి నర్సు వచ్చే రోజు కాదు. పాప ఆ సాయంత్రమే చనిపోయింది. నర్సు ఉంటే బతికేదా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఉబ్బసం టైంటేబులు చూసుకొని రాదు కదా.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టుకొని మా ఉపసంఘం చాలా సాయంత్రాలు చర్చించింది. ఒకచోట నాలుగు బడులకు ఒక నర్సు ఉంటే గొప్ప ఫలితం వచ్చింది. మరొకచోట రెండు మూడు బడులకు ఒక నర్సు ఉంటే ప్రాణం పోయింది. ఎందుకని? మాకు తోచింది ఇది. బడిలో ఆరోగ్యం పని రెండు రకాలు. ఒకటి ఆగే పని, రెండోది ఆగని పని. పేలు, తామర, చూపు పరీక్ష, బరువు ఎత్తు కొలవడం, రక్తహీనత, టీకా కార్డు చూడటం, పెద్దతరగతి ఆడపిల్లలతో నెలసరి గురించి మాట్లాడటం ఇవన్నీ మంగళవారం కాకపోతే గురువారం చేయవచ్చు. ఉబ్బసం, మూర్ఛ, షుగరు పడిపోవడం, తేలు కుట్టడం, మేడమెట్ల మీద నుంచి పడటం మాత్రం గురువారం దాకా ఆగవు. ఆగే పనికి పంచుకొన్న నర్సు చాలు. ఆగని పనికి ఆ నిమిషంలో బడిలో ఉన్న మనిషి కావాలి. ఆ మనిషి నర్సే కానక్కర్లేదు, కానీ నర్సు చేత తర్ఫీదు పొందిన మనిషి కావాలి. ఈ తేడా తెలియకుండా నర్సులను గంటల లెక్కన పంచితే ఫిలడెల్ఫియా అవుతుంది. తెలిసి పంచితే న్యూయార్కు అవుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయడంలేదా అని మీరడగవచ్చు. చేస్తోంది. కాదనడం అన్యాయం. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఎ.ఎన్.ఎం. లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు కలిసిన బృందం వాహనంలో తిరుగుతూ ప్రభుత్వ బడుల పిల్లలను చూస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, లోపపోషణ, ఎదుగుదల లోపాలు పసిగట్టి పెద్ద ఆసుపత్రికి పంపుతుంది. గుండెలో రంధ్రం ఉందని తెలియని పిల్లలు ఈ విధంగా బయటపడి ఆపరేషనుకు వెళుతుంటారు. కానీ ఆ బృందం బడికి రావలసింది ఏడాదికి ఒక్కసారి. మిగతా రోజుల మాట? 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తర్ఫీదు చేసే పథకం వచ్చింది. అది మంచి ఆలోచనే. అయితే పాపం టీచరు సంగతి చూడండి. మధ్యాహ్న భోజనం లెక్క ఆమెదే, ఎన్నికల డ్యూటీ ఆమెదే, ఇప్పుడు ఆరోగ్యం కూడా ఆమెదే. నేర్పినవారు మళ్లీ వచ్చి ఎలా చేస్తున్నావమ్మా అని అడగకపోతే నేర్చుకొన్నది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఐరన్ మాత్రల సంగతే చూద్దాం. పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొక నీలిరంగు మాత్ర, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబీరంగు మాత్ర బడిలో ఇస్తారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువ. అంటే ఈ సభలో కూర్చొన్న పెద్దతరగతి ఆడపిల్లల్లో సగానికి పైగా అనుకోండి. మాత్ర ఇవ్వడం అయితే జరుగుతోంది, మింగడం జరుగుతోందా? పరగడుపున వేసుకొంటే కడుపులో తిప్పుతుందని, అన్నం తిన్నాకే వేసుకోవాలని, దొడ్డికి నల్లగా వచ్చినా భయపడనక్కర్లేదని పిల్లకు చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే మాత్ర యూనిఫాం జేబులోకి, అక్కడ నుంచి కిటికీ అవతలికి పోతుంది. బడి కిటికీల కింద తోట వేస్తే మొక్కలకు రక్తహీనత ఉండదని మాలో ఒకరు అన్నారు! హాస్యానికే అన్నా, ఇది వారానికొకసారి వచ్చే నర్సు అరగంటలో సరిచేయగల విషయం. ఇది ఆగే పని.

గురుకులాల గురించి రెండు మాటలు. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాక మన పిల్లలు వేలాదిగా అక్కడ చదువుకొంటున్నారు. ఇది మనం సంతోషించవలసిన విషయం. గురుకులాల్లో స్టాఫ్ నర్సు పోస్టు ఉంది. ‘పోస్టు ఉంది కదా, ఇంక కొరతేమిటి’ అంటారు. లెక్క వేసి చూడండి. వారానికి 168 గంటలు. నర్సు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే 48 గంటలు. అంటే ఒక గురుకులానికి వారమంతా రాత్రింబగళ్లు ఒక నర్సు ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. పోస్టు నిండి ఉన్నా మూడింట రెండు వంతులకు పైగా గంటలు నర్సు లేని గంటలే. ఆ ఒక్కరే క్యాంపసులోనే ఉండి ఏ అర్ధరాత్రి పిలిచినా లేచివస్తే ఆమె మంచితనం అది. మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటు ఆమె సెలవు పెట్టిన రోజున కూలిపోతుంది. అక్కడ కావలసింది రెండో పోస్టు. అది ప్రభుత్వం ఇవ్వాలి, మనం విన్నపాలు పెడుతూనే ఉండాలి. అది వచ్చేలోగా రాత్రి వార్డెనుకు, ప్రతి డార్మిటరీలో ఇద్దరు పెద్ద విద్యార్థులకు ఆగని పనుల తర్ఫీదు ఇప్పించడం మాత్రం విన్నపాలతో పని లేకుండా చేయవచ్చు.

ఇంక అసలు ప్రశ్న. నర్సులు ఎక్కడ ఉన్నారు?

దేశంలో నర్సులు లేక కాదు. 2022 నాటికే ఇండియన్ నర్సింగ్ కౌన్సిలు లెక్కల్లో నమోదైన నర్సింగు సిబ్బంది 33 లక్షలకు పైన ఉన్నారు. కానీ నమోదైనవారందరూ పనిలో ఉన్నారని కాదు. కొందరు గల్ఫులో, కొందరు ఇంగ్లండులో ఉన్నారు. కొందరు మన పక్కింట్లోనే ఉన్నారు. ఇది మేము నొక్కి చెబుతున్నాము. మూడేళ్లు జి.ఎన్.ఎం. చదివి, కార్పొరేటు ఆసుపత్రిలో రెండేళ్లు చేసి, పెళ్లయ్యాక మానేసిన అమ్మాయిలు మన మొహల్లాల్లోనే ఉన్నారు. ఎందుకు మానేశావు బేటీ అని అడిగితే చదువు మీద విసుగని ఒక్కరూ అనరు. ‘నైట్ డ్యూటీ అంకుల్, ఇంట్లో ఒప్పుకోలేదు’ అంటారు. ‘పాప పుట్టింది, పన్నెండు గంటల షిఫ్టు కుదరలేదు’ అంటారు. సౌదీలో పదేళ్లు చేసి రాయచోటికో నిజామాబాదుకో తిరిగివచ్చిన సిస్టర్లున్నారు. వారికి మళ్లీ ఆసుపత్రి వార్డులో నిలబడే ఓపిక లేదు, తెలివితేటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రభుత్వంలో రిటైరైన ఎ.ఎన్.ఎం. ఆపాలున్నారు. ఊళ్లో ఏ ఇంట్లో ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో వారికి కంఠతా వచ్చు.

వీరందరికీ కుదరనిది నర్సు పని కాదు, నర్సు పని వేళలు. మరి బడి వేళలు చూడండి. పొద్దున తొమ్మిది, సాయంత్రం నాలుగు. ఆదివారం సెలవు. తన పిల్లకు సెలవుంటే తనకూ సెలవే. రాత్రి డ్యూటీ లేదు. చిన్నపిల్లల తల్లికి ఇంతకన్న కుదిరే నర్సు ఉద్యోగం ఎక్కడుంది? వారంలో అయిదు రోజులు కుదరకపోతే రెండు రోజులు రండి, రెండు రోజులు కుదరకపోతే పొద్దున పూట రండి అని అడిగితే వచ్చేవారు ఉంటారు. ఇన్నాళ్లూ అలా అడిగినవారు లేరు. బడులవారు పూర్తి జీతం ఇవ్వలేక అడగలేదు, నర్సులు పూర్తి రోజు ఇవ్వలేక రాలేదు. ఇద్దరి మధ్య సంధానకర్తగా మన సంఘం ఎందుకు నిలబడకూడదు?

మా ఆలోచన ఇది. దగ్గరదగ్గరగా ఉన్న అయిదు బడులు ఒక జట్టు. ఒక నర్సు, లేదా పని పంచుకొన్న ఇద్దరు నర్సులు, రోజుకొక బడి చొప్పున వస్తారు. సోమవారం ఈ బడి అంటే ఎప్పటికీ సోమవారం ఈ బడే. ఆరో రోజు ఫోన్లు చేసుకోవడానికి, ఇళ్లకు వెళ్లడానికి, రిజిస్టర్లు రాసుకోవడానికి ఉంచాలి. ప్రతి బడిలో ఇద్దరిని, ఒక టీచరును, ఒక ఆయమ్మనో అటెండరునో, నర్సే కూర్చోబెట్టి నేర్పుతుంది. అటెండరును ఎందుకు చేర్చామంటే టీచరు బదిలీ అయిపోతుంది, అటెండరు ఉంటాడు. జట్టుకు ఒక బదులు నర్సు పేరు కూడా రాసి ఉంచాలి, రిటైరైన ఆపాలలో ఒకరిది. అసలు నర్సు బిడ్డకు జ్వరం వచ్చిన నాడు ఆ బడి ఖాళీగా ఉండకూడదు. జీతంలో ఒక్కొక్క బడి వాటా అయిదో వంతు. ఆ వాటా కట్టలేని బడికి సంఘం కొంత సాయం చేయాలి.

నర్సు మొదటి నెలలో చేసే పని ఒక్కటే. ప్రమాదం ఉన్న పిల్లల పేర్లు పట్టుకోవడం. ఉబ్బసం ఎవరికి, మూర్ఛ ఎవరికి, షుగరు ఎవరికి, గుండెజబ్బు ఎవరికి. తల్లిదండ్రులు దాస్తారు. ముఖ్యంగా ఆడపిల్లకు మూర్ఛ ఉందంటే రేపు సంబంధం రాదని దాస్తారు. వారి భయం మాకు తెలుసు. అందుకే ఆ కాగితం తాళం వేసిన చోట ఉండాలి, తెలియవలసిన ఇద్దరు ముగ్గురికే తెలియాలి. పేరు తెలిసిన పిల్లకు ఒక్కొక్కరికి ఒక పేజీ. ఏం జరగవచ్చు, జరిగితే మొదట ఏం చేయాలి, ఎవరికి ఫోను చేయాలి, మందు ఎక్కడ ఉంది. ఈ పేజీ ఉంటే నర్సు లేని నాలుగు రోజులు కూడా నర్సు కొంత ఉన్నట్లే.

ఆ పేజీలో ఏముంటుందో రెండు ఉదాహరణలు చెబుతాము, ఇంట్లోనూ పనికివస్తాయి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, చెప్పు వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఇవేవీ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది పెట్టండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. 2005లో మన హైదరాబాదులోనే మొదలైన సర్వీసు అది. ఇక షుగరు జబ్బు ఉండి ఇన్సులిన్ వేసుకొనే పిల్లకు చెమటలు పట్టి, చేతులు వణికి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతోందంటే షుగరు పడిపోయి ఉండవచ్చు. తెలివి ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, పావుగంటలో మళ్లీ చూడండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108 పిలవండి. ఇటువంటి పిల్లలు పరీక్ష హాలులోకి చాక్లెట్లు, పండ్లు, నీళ్లు తీసుకువెళ్లవచ్చని సి.బి.ఎస్.ఇ.వారు 2017లోనే అనుమతించారు. తరగతి గదిలో మాత్రం తింటున్నావా అని నిలబెట్టే మాస్టర్లు ఇంకా ఉన్నారు. రంజాన్ నెలలో పట్టుదల మీద రోజా ఉంటానని మారాం చేసే పిల్లల్లో ఇన్సులిన్ వేసుకొనే పిల్ల ఉంటే ఆ సంగతి ముందుగా డాక్టరును అడగాలి. పిల్ల బడిలో పడిపోయాక అడిగి లాభంలేదు.

డాక్టరు కావలసినప్పుడు ఏమిటి దారి అంటే ఇప్పుడు ఫోను ఉంది. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నియమాల ప్రకారం రోగి పక్కన ఉన్న ఆరోగ్య కార్యకర్త ఫోనులోనో వీడియోలోనో డాక్టరుతో మాట్లాడి సలహా తీసుకోవచ్చు. పిల్లల విషయంలో పక్కన పెద్దవారుండాలి. మన సంఘంలో డాక్టర్లకు కొదవలేదు. వారానికొక గంట ఈ నర్సుల ఫోనుకు కేటాయిస్తే చాలు. వేదిక మీద ఉన్న డాక్టర్ సాహెబులు ఇటు చూడటంలేదు గానీ, మేము వారినే అంటున్నాము.

‘పక్క సందులో ఆర్.ఎం.పి. ఉన్నాడు కదా, నర్సెందుకు’ అని కొందరు మమ్మల్ని అడిగారు. ఆర్.ఎం.పి. వద్దకు పిల్ల నడిచి వెళ్లాక ఆయన సూది వేస్తాడు. పిల్ల వెనక బెంచీలో కూర్చొని బోర్డు కనపడక చూసి రాయడం మానేసిందని ఆయనకెలా తెలుస్తుంది? 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో బడిపిల్లలనే చూశారు, 60 లక్షలకు పైగా. మొద్దు అనిపించుకొన్న పిల్లలు ఎందరికో కావలసింది కళ్లజోడు! ఆ కళ్లజోడు పగిలిపోయాక మళ్లీ చూసేవారెవరు? ఆ పని నర్సుది.

ఇంక జాగ్రత్తలు. ఇవి చెప్పకుండా ముగిస్తే తప్పు. గంటల లెక్కన పని అనగానే చౌకగా దొరికిన పని అనుకొనే అలవాటు మనకుంది. అది కూడదు. గంటలు తక్కువ కావచ్చు, గంటకిచ్చేది తక్కువ కాకూడదు. రానుపోను ఖర్చు వేరుగా ఇవ్వాలి. ‘ఖౌమ్ కోసం చేస్తున్నావమ్మా’ అని చెప్పి మూడు నెలలు జీతం ఆపితే నాలుగో నెల ఆమె రాదు, రానవసరమూ లేదు. రెండవది, నర్సింగు కౌన్సిలులో రిజిస్ట్రేషను ఉండాలి, గడువు దాటిపోతే రెన్యూవల్ చేయించుకోవాలి. గల్ఫు నుంచి వచ్చినవారికి, పెళ్లయ్యాక మానేసినవారికి ఇక్కడే చిక్కు. ఆ కాగితాల పని, ఫీజు సంఘం చూసుకోవాలి. రిజిస్ట్రేషను లేని మనిషిని తెల్లకోటు వేసి నిలబెట్టవద్దు. మూడవది, తల్లిదండ్రుల సంతకం లేనిదే మందు ఇవ్వకూడదు, డాక్టరు చీటీ లేనిదే ఇంజక్షను వేయకూడదు. తర్ఫీదు పొందిన టీచరయినా అటెండరయినా నర్సు కాడని మరచిపోకూడదు.

అన్నింటికన్న ముఖ్యమైనది ముఖం మారకూడదు. పట్నాల్లో కొన్ని ఏజెన్సీలు ఆ రోజు ఖాళీగా ఉన్న నర్సును పంపుతామంటాయి. ఆసుపత్రిలో అది చెల్లుతుందేమో, బడిలో చెల్లదు. తొమ్మిదో తరగతి పిల్ల తన ఒంటి సంగతి, ఇంట్లో తనను ఎవరైనా బాధపెడుతున్న సంగతి మొదటిసారి చూసిన మనిషికి చెప్పదు. మూడు వారాలు చూస్తుంది. నాలుగో వారం కడుపునొప్పి అని వచ్చి కూర్చొంటుంది. అయిదో వారం చెబుతుంది. ఆ అయిదో వారం దాకా అదే సిస్టర్ ఉండాలి.

డబ్బు గురించి కూడా అమెరికావారి అనుభవం ఒకటి ఉంది. వారికే బడి నర్సులు చాలడంలేదు. 2018లో వెలువడిన సర్వేలో అక్కడి బడుల్లో పూర్తికాలపు నర్సు ఉన్నవి నూటికి 39, అసలు నర్సే లేనివి 25. కరోనా తరువాత 2021లో కేంద్రం ఇచ్చిన ప్రత్యేక నిధులతో చాలాచోట్ల నర్సులను వేసుకొన్నారు. ఆ నిధుల గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. ఒక్కసారి వచ్చే డబ్బుతో నెలనెలా ఇవ్వవలసిన జీతం పెట్టుకొంటే చిక్కే. అందుకని ఎవరో దాత ఒక లక్ష ఇస్తానంటే మేము దాన్ని జీతాలకు వాడవద్దంటాము. పెట్టెలకు, బి.పి. మిషనుకు, షుగరు చూసే మిషనుకు, చూపు చార్టులకు, తర్ఫీదుకు వాడదాం. జీతం మాత్రం బడుల వాటాల నుంచి, సభ్యుల నెల చందా నుంచి రావాలి. నెలకింత అని చిన్న మొత్తమే అయినా తప్పకుండా వచ్చేది కావాలి.

మన ఇళ్లల్లో అమ్మాయి నర్సింగులో చేరతానంటే ఇప్పటికీ వద్దనేవారున్నారు. రాత్రి డ్యూటీ అంటారు, మగవార్డు అంటారు, సంబంధాలంటారు. మేము వాదనకు దిగము. ఒక్కటే అడుగుతాము. రేపు మీ పాప బడిలో కళ్లు తిరిగి పడిపోతే చూడటానికి ఎవరి కూతురు రావాలి? ఆ ఇంటివారు కూడా మీలాగే వద్దనుకొని ఉంటే? బడి నర్సు ఉద్యోగం మన ఊళ్లోనే నాలుగు ఉంటే, పగటి పూట పని కళ్లముందు కనిపిస్తే, ఈ మాటలు వాటంతటవే తగ్గుతాయని మా నమ్మకం.

రాబోయే విద్యాసంవత్సరంలో ఒక్క జట్టుతో మొదలుపెట్టాలని, ఏడాది పాటు నడిపి లెక్కలు మీ ముందు పెట్టాలని ఉపసంఘం తీర్మానం. ఎన్ని రోజులు నర్సు వచ్చింది, ఎందరికి కళ్లజోళ్లు వచ్చాయి, ఎందరి పేజీలు రాయబడ్డాయి, పిల్లలు జబ్బు వల్ల బడి మానిన రోజులు తగ్గాయా లేదా అన్నవి. తగ్గకపోతే తగ్గలేదనే చెబుతాము.

గుమ్మం దగ్గర బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాము. ఎర్ర అట్ట దానిలో నర్సింగు చదివినవారు, ఇప్పుడు పనిలో ఉన్నా లేకపోయినా, తమ పేరు, వారంలో ఇవ్వగల రోజులు, గంటలు రాయాలి. రెండు గంటలయినా రాయండి. కోడలు రాస్తానంటే అత్తగారు పెన్ను అందించాలని మనవి. నీలం అట్ట దానిలో బడుల యాజమాన్యాలవారు తమ బడి పేరు, పిల్లల సంఖ్య, కట్టగల వాటా రాయాలి. భోజనాల తరువాత కాదు, ముందే రాయండి. తిన్నాక ఎవరూ నిలబడరని కిందటేడు చూశాము.